ఇంటి చూరు – దాని సంరక్షణ

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని నిలుపుకొని చూడమని మాత్రం ఎవరూ అన్నట్లు లేదు. అది వేరే చెప్పవలసిన మాట కాదని వారు తలచి ఉంటారు. రోహిణి కార్తె ఎండలు ముగిసేలోగా పెంకు సర్దించడం, వాసాలు తట్టి చూడడం వారికి పండుగకు సున్నం వేయించినంత మామూలు పని. ఆ పని తెలిసినవారు నేడు తగ్గిపోయారు. పెంకుటిళ్ళూ తగ్గిపోయాయి. అయితే మిగిలిన పెంకుటిళ్ళలో మన కళాశాల విద్యార్థుల కుటుంబాలు కొన్ని కాపురముంటున్నాయి.

తెలుగు పాఠాలు చెప్పుకొనే మేము ఈ సంచికలో ఏ ప్రబంధాన్ని గురించో, ఏ గజలును గురించో వ్రాయక, చూరు పట్టుకొని వేలాడడమేమని మిత్రులు పరిహసించవచ్చు. కారణమున్నది. గత సంవత్సరం మార్చి మాసంలో ద్వితీయ సంవత్సరం విద్యార్థి ఒకడు మా గదికి వచ్చి, తాను వచ్చే సంవత్సరం చదువలేనని, ఏదైనా దుకాణంలో చేరదలచానని చెప్పాడు. ఎందుకని అడిగితే ఇంటి సంగతి చెప్పాడు. పెంకుటిల్లు. వీధివైపు చూరు చీకి రాలుతున్నది. మేస్త్రీ ఒకడు కింద నిలబడి చూచి, “చూరు పోయిందంటే కప్పు పోయినట్లే, మొత్తం విప్పించి ఇనుపరేకులు వేయించండి” అన్నాడట. అబ్బాయి ఫీజుకని దాచిన సొమ్ము, చెల్లెలి చదువుకని దాచిన సొమ్ము కలిపినా ఆ రేకులకు చాలడం లేదు.

ఆ మాట వినగానే మా మనస్సు కలతచెందింది. సరిగా అదే మాటను 2016లో మేమూ విన్నాము. నమ్మాము. తాతగారు కట్టించిన ఇంటిని పోగొట్టుకున్నాము. చూరు చీకితే కప్పు చీకినట్లు కాదని మాకు తెలిసేసరికి ఇల్లు నేలమీద పడి ఉన్నది. ఆ తెలివి ఆలస్యంగా వచ్చినా, ఇంకొకరికి వేళకు ఉపయోగపడవచ్చునని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ముందు చూరంటే ఏమిటో స్పష్టం చేసుకొందాము. పెంకుటింటికి నడిమి వెన్నుదూలం నుండి రెండు వైపులకు వాసాలు ఏటవాలుగా దిగి, గోడమీద ఆనుకొని, గోడను దాటి ఒకటిన్నర లేక రెండడుగులు బయటికి సాగుతాయి. వాసాలపై అడ్డంగా పెండెలు కొడతారు. వడ్రంగులు వీటినే రీపర్లంటారు. పెండెలమీద పెంకు కూర్చుంటుంది. గోడ దాటి బయటికి వచ్చిన ఈ భాగమే చూరు. ఉర్దూలో దీనిని ఓల్తీ అంటారు. రాతి కట్టడాలకు ఎండావానా తగలకుండా గోడనుండి ముందుకు చాచి కట్టిన దానిని ఛజ్జా అంటారు. పేరు ఏదైనా పని ఒక్కటే: గోడమీద పడవలసిన వానను తనమీద వేసుకొని దూరంగా జారవిడవడం. గోడను కాపాడడానికి చూరు తడుస్తుంది. దాని వృత్తియే తడవడం గనుక, ఇంట్లో ఏ కర్రకూ లేని ఆపద దానికి ఉన్నది.

వాసాల చివరలు వీధిలోకి బోసిగా కనిపించకుండా వాటికి అడ్డంగా ఒక పలక కొట్టించడం చాలచోట్ల ఉన్నది. దానిని ఇక్కడ చూరుపలక అందాము. అందానికి పెట్టిన ఈ పలకయే అనేక ఇళ్ళలో మొదట చీకుతుంది, తరువాత తన వెనుకనున్న వాసాలను చీకిస్తుంది.

కలప చీకడమంటే దానంతట అది ముసలిదై రాలిపోవడం కాదు. దానిని తినేది ఒకటున్నది. బూజు, కుక్కగొడుగుల జాతికి చెందిన శిలీంధ్రాలు కంటికి కనిపించని పోగులుగా కలపలోకి పాకి, దానికి బలాన్నిచ్చే పదార్థాన్ని జీర్ణం చేసుకొంటాయి. వీటికి కావలసినవి నాలుగు: తినడానికి కలప, వెచ్చదనం, గాలి, నీరు. మన దేశంలో వెచ్చదనానికి కొదువ లేదు. గాలిని ఆపలేము. కలపను తీసివేయలేము. మన చేతిలో ఉన్నది నీరొక్కటే. ఇంటిలోపల నీడపట్టున ఉన్న పొడికలపలో నూటికి పది పదిహేను పాళ్ళ తేమ ఉంటుంది. ఇరవై పాళ్ళు దాటనంతవరకు శిలీంధ్రం దానిని ముట్టుకోలేదు. ఇరవై ఎనిమిది ముప్ఫై పాళ్ళకు చేరి, అక్కడే కొన్ని వారాలపాటు నిలిచిందా, దానికి విందు మొదలైనట్లే.

ఇక్కడ ఒక చిత్రాన్ని గమనించవలెను. పూర్తిగా ఎండిన కలప చీకదు. పూర్తిగా నీట మునిగిన కలపా చీకదు. వెనుకటివారు బావి అడుగున నేరేడు చట్రం వేసేవారు. అది దశాబ్దాలు నీటిలోనే ఉండి చెక్కుచెదరకపోవడానికి ఒక కారణం, అక్కడ శిలీంధ్రానికి కావలసినంత గాలి లేకపోవడం. తడిసి, సగం ఆరి, మళ్ళీ తడిసే చోటనే ప్రమాదం. నేలలో పాతిన దడి గుంజ సరిగా నేలమట్టం దగ్గరనే విరగడం మనమెరిగినదే. ఇంటికప్పులో అటువంటి చోటు చూరు. లోపలి వాసం పెంకు నీడలో ఎల్లప్పుడూ పొడిగా ఉంటుంది. బయటి మూరెడు మాత్రం జూన్ మొదలు నైరుతి వానలకు, అక్టోబరు మొదలు ఈశాన్యపు వానలకు, నడుమ వచ్చే తుపానులకు తడుస్తూ ఆరుతూ ఉంటుంది. కోస్తా జిల్లాలలో ఆ మూరెడు సంపూర్ణంగా ఆరడానికి సంక్రాంతి దాటవలెను.

రెండవ కారణం కలప నిర్మాణంలోనే ఉన్నది. చెట్టు బ్రతికి ఉండగా వేరునుండి చిటారుకొమ్మకు నీటిని మోసిన సన్నని గొట్టాలు, కలపగా మారిన తరువాత కూడ అలాగే ఉంటాయి. గడ్డిమోపును ఊహించుకోండి. దాని పక్కన నీరు చల్లితే పైపైన జారిపోతుంది. మోపు మొదలును నీటిలో నిలబెడితే పరకలగుండా పైకి పీల్చుకొంటుంది. వాసం పక్కలు తడిసినా పట్టే నీరు స్వల్పం. కోసిన చివర పీల్చే నీరు దానికి ఎన్నో రెట్లు. చూరు దగ్గర బయటికి కనిపించేది ఆ కోసిన చివరయే. వడ్రంగి నున్నగా చిత్రిక పట్టి, నాలుగు వైపులా రంగు పూసి, ఆ ఒక్క చివరను వదలివేస్తాడు. పూయించుకొనే మనమూ అడగము.

కలప జాతిని బట్టి తేడా లేకపోలేదు. టేకు చేవ చాల గట్టిది, తేమను ఓర్చుకొంటుంది. అయితే ‘టేకు’ అన్నంతమాత్రాన సరిపోదు. చెట్టు నడిమి ముదురు భాగానికే చేవ అని పేరు. దాని చుట్టూ ఉండే తెల్లని లేత భాగానికి టేకులోనైనా, మద్దిలోనైనా ఓర్పు లేదు. తాటి వాసం సంగతి తలక్రిందులు: దానికి గట్టితనమంతా వెలుపల, మెత్తని దవ్వ లోపల. తాటి పట్టె చివరను కోసినప్పుడు దవ్వ బయటపడుతుంది. పైన ఇనుములాగ ఉండి లోపల బోలుగా మారిన తాటి వాసాలను మేము చూచాము. తట్టితే తప్ప తెలియదు.

ఇక మా ఇంటి కథ. మూడు గదులు, ముందు వసారా. గదులమీద టేకు వాసాలు, వసారామీద తాటి వాసాలు, పైన మంగళూరు పెంకు. (1860ల దశకంలో బాసెల్ మిషన్ వారు మంగళూరులో మొదలుపెట్టిన ఈ యంత్రపు పెంకు మన పల్లెలదాకా వచ్చి, గూనపెంకును చాలచోట్ల వెనుకకు నెట్టింది.) 2011 వానాకాలంలో చూరు కింద తెల్లగోడమీద టీ ఒలికినట్లు గోధుమరంగు చారలు పడ్డాయి. వాసాల చివరలు నల్లబడ్డాయి. మేము, మా అన్నగారు కలిసి దానికి మాకు తోచిన చికిత్స చేయించాము. వాసాలు గోడను దాటేచోట సందులన్నీ సిమెంటుతో పూడ్పించాము. చివరలు కనిపించకుండా చూరుపలక కొట్టించి, దాని కింద జింకురేకు పెట్టెలాగ బిగించి, అంతటికీ ఆకుపచ్చ ఎనామిల్ రంగు వేయించాము. వీధిలోనివారు ఇల్లు కొత్తగా ఉన్నదన్నారు. అప్పుడది నవంబరు నెల. కలప తడిగానే ఉన్నది.

మేము చేసినది రోగిని కప్పి పెట్టడం. పైనుండి నీరు మునుపటివలెనే దిగుతున్నది, ఏలనన చిట్టచివరి వరుస పెంకు పలక అంచును దాటి బయటికి రాలేదు; అందుచేత జారిన ప్రతి బొట్టూ పలక నెత్తిమీదనే పడి, వెనుకకు తిరిగి, వాసం చివరకు చేరుతున్నది. ఇదివరకు ఆ తడి గాలికి ఆరేది. ఇప్పుడు సిమెంటు ఒకవైపు, రేకు ఒకవైపు, రంగు ఒకవైపు. ఆరే దారి మూసివేశాము. చారలు కనిపించకపోయేసరికి రోగం కుదిరిందనుకొన్నాము.

2016 సెప్టెంబరులో ఒక తెల్లవారుజామున ఫజర్ నమాజుకు వజూ చేసుకోవడానికి మా అమ్మీ వసారా అంచున బిందె దగ్గర కూర్చున్నది. రాత్రంతా వాన. నాలుగు గజాల మేర చూరు, పలకతో, రేకుతో, రెండు వరుసల పెంకుతో సహా ఒక్కసారిగా జారి పడింది. పెంకు ఆమె భుజంమీద పడ్డది. తలమీద పడవలసినదే. మూడు నెలలు ఆ చేయి లేవలేదు. ఇప్పటికీ చలికాలంలో ఆ భుజాన్ని మరొక చేతితో పట్టుకొనే కూర్చుంటుంది. ఆ తరువాత ఇంట్లో ఎవరికీ ఆ కప్పుకింద పడుకొనే ధైర్యం లేకపోయింది. వచ్చినవారందరూ కప్పు పోయిందనే అన్నారు. 2017 వేసవిలో ఇల్లు విప్పించి, కలపను పాతకలప వ్యాపారికి గుండుగుత్తగా అమ్మివేశాము.

అతని మనుషులు మా ముందే పని మొదలుపెట్టారు. దించిన ప్రతి వాసాన్నీ రెండు దిమ్మెలమీద పెట్టి, చివరను సుత్తితో తట్టుకొంటూ వచ్చి, మోత మారిన చోట గీత గీసి, రంపంతో కోశారు. ఒక్కొక్క వాసానికి మూరెడు, మహా అయితే మూరన్నర తెగిపడింది. కోసిన చోట టేకు బంగారంలాగ మెరిసింది. పన్నెండడుగుల వాసానికి పదడుగులు మచ్చలేని కలప. తెగిపడిన చీకు ముక్కలన్నీ కలిపితే ఒక రిక్షాబండికి నిండలేదు. ఆ వాసాలు ఎవరి ద్వారబంధాలైనాయో మాకు తెలియదు. అమ్మీ ఆ రోజు అక్కడికి రానన్నది, అదే మేలైంది.

కనుక చూరును ఎట్లా పరీక్షించుకోవలెనో కొంచెం విపులంగా చెబుతాము. దీనికి ఇంజనీరింగు పట్టా అక్కరలేదు. ఒక దబ్బనం, ఒక చిన్న సుత్తి, ఒక టార్చిలైటు చాలును. ఎక్కడానికి నిచ్చెన కావలెను. ఆ నిచ్చెనను గోడకు ఆనించవలెను గాని, ఏ చూరు గట్టితనం తెలియక పరీక్షిస్తున్నామో ఆ చూరుకే ఆనించరాదు. కరెంటు సర్వీసు తీగ చూరుమీదుగా ఇంట్లోకి వస్తున్నట్లయితే దాని దరిదాపులకు పోవద్దు.

మొదట నేలమీదనే ఉండి, ఇంటి మూలన నిలబడి, ఒక కన్ను మూసి, చూరు అంచు వెంట చూపు సారించండి. నారు పోసే మడిలో తాడు లాగినట్లు తిన్నగా ఉంటే సంతోషం. ఎక్కడైనా పొట్ట జారినట్లు వంగి ఉంటే అక్కడ వాసం గాని, పెండె గాని బలం కోల్పోయిందన్నమాట. తరువాత గోడను చూడండి: గోధుమరంగు చార గోడమీద ఉన్నదంటే, దానికి సరిగా పైనున్న వాసం కలపలోనుండి నీరు దిగుతున్నదని అర్థం. చూరుపలకమీద రంగు బుడగలెత్తడం, మేకు తలల చుట్టూ నల్లని వలయాలు, రెండు పలకలు కలిసేచోట నోరు తెరచుకోవడం – ఇవి తరువాతి గుర్తులు. కలపనుండి చెవివంటి తెల్లని కుక్కగొడుగు మొలిచిందంటే లోపల పని ఏనాడో జరిగిపోయిందని తెలుసుకోవలెను.

ఇప్పుడు నిచ్చెన ఎక్కి వాసం చివరను దబ్బనంతో పొడవండి. మంచి కలపలో మొన దిగదు. చీకిన కలపలో వెన్నలో దిగినట్లు దిగుతుంది. పైభాగాన్ని ముఖ్యంగా పరీక్షించవలెను, ఎందుకనగా నీరు పైనుండే వస్తుంది. కింద నిలబడి చూచినవానికి మంచి కలపయే కనిపిస్తుంది. దబ్బనపు మొనతో చిన్న పేడు లేపి చూడండి. మంచి కలపనుండి పొడవైన ఈనెలాగ పేడు లేచి, చిటచిటమని విరుగుతుంది. చీకిన కలప పేడు లేవదు. ఉన్నచోటనే బిస్కెట్టులాగ పుటుక్కున తెగుతుంది. మా అనుభవంలో ఇంతకంటె నమ్మకమైన పరీక్ష లేదు. సుత్తితో తట్టితే మంచి కర్ర కంగుమంటుంది, చీకినది మద్దెలకు పిండి ఎక్కువైనట్లు మొద్దుగా పలుకుతుంది. చివరనుండి గోడవైపు తట్టుకొంటూ పోతే మోత ఎక్కడ మారుతుందో అదే సరిహద్దు. సాధారణంగా ఆ సరిహద్దు గోడ చేరకముందే వస్తుంది. గోడను దాటి లోపలికి పోయిందంటే మాత్రం ఆలస్యం చేయరాదు, అనుభవమున్న వడ్రంగిని పిలిపించవలెను.

చీకును చూచి చెదలని, చెదలను చూచి చీకని పొరబడడం మామూలు. చెదలు మట్టిగొట్టాలు కట్టుకొంటూ గోడవెంట పైకి పాకుతాయి. కలపను లోపలినుండి పొరలుపొరలుగా తిని, అక్కడ మట్టి నింపుతాయి. చీకిన కలపలో మట్టి ఉండదు. అది గోధుమరంగుకు తిరిగి, ఎండిన చెరువు అడుగులాగ అడ్డంగా నిలువుగా పగుళ్ళిచ్చి, వేళ్ళమధ్య నలిపితే పొడి అవుతుంది. కొన్నిచోట్ల తెల్లబడి, పీచుపీచుగా కూడ మారుతుంది. గుండ్రని సన్నరంధ్రాలు, వాటికింద పిండివంటి పొడి కనిపిస్తే అది పురుగు పని. మూడూ వేర్వేరు రోగాలే గాని, తడిసిన చూరుమీద మూడూ కలిసి కాపురం చేయడం అరుదు కాదు. పొడిగా నలిగేదానిని చూచి ‘ఎండ దెబ్బకు పుచ్చింది’ అనడం కద్దు. అది ఇప్పుడు ఎండి ఉన్నది. తినబడిన నాడు తడిగానే ఉండినది.

నివారణకు ఖర్చు స్వల్పం, శ్రద్ధ మాత్రం ఏటేటా కావలెను. అన్నిటికంటె ముఖ్యమైనది చివరి వరుస పెంకు. అది చూరుపలక అంచును దాటి కనీసం రెండంగుళాలు బయటికి రావలెను. అప్పుడు బొట్టు పలకను తాకకుండ నేలమీద పడుతుంది. మా ఇంటిని తీసినది ఈ రెండంగుళాలే. తరువాత, పగిలిన పెంకును ఆ వారమే మార్చడం. వేప, చింత ఆకులు పెంకు సందులలో కుళ్ళి తడిని పట్టి ఉంచుతాయి. తొలకరికి ముందొకసారి, దసరా వేళకు మరొకసారి ఊడ్పించవలెను. నీటితొట్టి గొట్టాలు చూరుకు బిగించినవారు వాటిని ఇంకా తరచుగా చూడవలెను. ఆకులతో పూడిన తొట్టి, నీటిని వాసాల చివరలకు వెనుకకు పోస్తుంది గనుక అది లేకపోవడమే నయం.

ఇంటిమీదికి సొరపాదు, గుమ్మడిపాదు పాకించడం మన ఇళ్ళలో ఎంత ముచ్చటైన ఆచారమో, చూరుకు అంత చేటు. దట్టమైన ఆకుకింద పెంకు ఆరదు, తీగె వేళ్ళు సందులలో దూరుతాయి, కాయ బరువుకు పెంకు జారుతుంది. ఈ మాట ముసలమ్మలతో చెప్పడం కష్టమని ఎరుగుదుము.

వాసాల చివరలను మూసి పెట్టరాదు. సిమెంటుతో పూడ్చరాదు, పక్షులు, ఉడుతలు రాకుండా కావలెనంటే ఇనుపవల కొట్టించవచ్చు, గాలి ఆడుతుంది. పలక కొట్టించినా వాసానికి పలకకు నడుమ చిన్నసందు ఉండేటట్లు చెక్కబిళ్ళ పెట్టించవలెను. పలకను బిగించిన తరువాత కాదు, బిగించకముందే ఆరు వైపులా రంగు పూయించవలెను. కోసిన చివరలకు రెండు మూడు పూతలు అధికంగా పట్టించవలెను. రంగుపనికి ఏప్రిల్, మే నెలలే తగినవి. తడి కలపమీద రంగు వేయడం తడిని సీసాలో పోసి బిరడా బిగించడమే. పాడైన ఇంజను నూనె పూయడం కొందరికి అలవాటు. అది అంటుకొంటే మండుతుంది, కలపలోతుకు దిగేదీ తక్కువే. దానిమీద మాకు నమ్మకం లేదు.

కలపకు మందు పట్టించే విద్యలో మన దేశపు పేరు ఒకటి ప్రపంచమంతటా నిలిచి ఉన్నది. డెహ్రాడూన్ అటవీ పరిశోధనాలయంలో పనిచేసిన శొంఠి కామేశం గారు 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాల మిశ్రమాన్ని కనిపెట్టారు. ఆర్సెనిక్, రాగి శిలీంధ్రాన్ని, చెదలను చంపుతాయి. క్రోమియం వాటిని కలపకు కట్టివేస్తుంది, వానకు కడిగివేయబడవు. దేశదేశాలలో కరెంటు స్తంభాలు, కంచె గుంజలు ఈ మందుతో దశాబ్దాలు నిలిచాయి. ఇంటిపేరు చూడగానే తెలుగు పాఠకునికి చుట్టరికం స్ఫురించే ఈ శాస్త్రజ్ఞుని మన పాఠ్యపుస్తకాలలో మేమెన్నడూ చదువలేదు. అయితే ఆర్సెనిక్ విషం. అమెరికాలో 2003 చివరినుండి నివాసగృహాల కలపకు దీని వాడకం మాన్పించారు. ఇది కర్మాగారంలో ఒత్తిడితో ఎక్కించవలసిన మందు, ఇంట్లో కుంచెతో పూసేది కాదు. అటువంటి కలప ముక్కలను పొయ్యిలో పెట్టరాదు. ఇంటివద్ద చేసుకోదగినది బోరాక్సు, బోరిక్ ఆమ్లాల ద్రావణం. అది తేమవెంట కలపలోనికి పాకుతుంది. వానకు కరిగిపోతుంది గనుక, కలప ఆరిన తరువాత దానిపై రంగుపూత తప్పదు.

చీకడం జరిగిపోయిన వాసానికి వైద్యం కోతే. మోత మారిన సరిహద్దును దాటి ఇంకొక అడుగు లోపలికి కోయించి, కొత్త చేవకలప ముక్కను మిగిలిన వాసం పక్కన జోడుగా నిలిపి, కనీసం రెండు బోల్టులతో బిగించవలెను, మేకులు చాలవు. చూరు బయటికి రెండడుగులుంటే జోడుకర్ర లోపలికి నాలుగడుగులు పోవలెను. ఇది తక్కెడ న్యాయం: బయటి బరువును లోపలి పొడవు పట్టి ఉంచుతుంది. పైగా, తుపానుగాలి కప్పును లేపడం అంచునుండే మొదలు పెడుతుంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను ఎరిగిన కృష్ణా, గుంటూరు జిల్లాలవారికి బోల్టు ఎందుకో వివరించనక్కరలేదు.

డాబా ఇళ్ళవారు తమకీ బాధ లేదని నిశ్చింతగా ఉండరాదు. స్లాబు అంచున, సన్‌షేడు కింద పెచ్చులూడి తుప్పుపట్టిన చువ్వలు కనిపించడం అదే రోగానికి మరొక రూపం. తుప్పు ఇనుముకంటె రెండు రెట్లకు పైగా చోటాక్రమించి కాంక్రీటును పగులగొడుతుంది. అంచు అడుగుభాగాన వేలిమందం గాడి తీయించి ఉంటే నీరు వెనుకకు పాకదు. కట్టేటప్పుడు పైసా ఖర్చులేని పని. ఎందరు తీయిస్తున్నారో మీ వీధిలోనే చూడండి.

ఇక ఆ విద్యార్థి ఇంటి సంగతి. ఏప్రిల్ నెలలో ఒక ఆదివారంనాడు మేము, పాతతరం వడ్రంగి ఆచారిగారు ఒకరు కలిసి వెళ్ళాము. ఆయన నిచ్చెన ఎక్కి ఒక్కొక్క వాసాన్నే తట్టుకొంటూ పోయారు. అబ్బాయి కింద నిలబడి సుద్దతో గోడమీద గుర్తులు వేశాడు. వీధివైపు ఇరవై రెండు వాసాలు. చీకినవి ఏడు. ఏడూ పెంకు అంచు పొట్టిగా ఉన్నచోటనే. “కప్పు ఎక్కడ పోయింది మాష్టారూ, కొసలు పోయాయి” అన్నారాయన దిగి, దబ్బనం తుడుచుకొంటూ. వాళ్ళ నాన్నగారు నమ్మలేక, తానే నిచ్చెన ఎక్కి పొడిచి చూచుకొన్నారు. పని నాలుగు రోజులలో ముగిసింది. మేస్త్రీ చెప్పిన మొత్తంలో పదవవంతు కూడ కాలేదు. జూలైలో అబ్బాయి మూడవ సంవత్సరం ఫీజు కట్టి, ఆ రసీదును మాకు చూపించి మరీ వెళ్ళాడు.

వాళ్ళ దాదీకి మాత్రం మాపై కొంత కోపం మిగిలింది. కప్పుమీదినుండి సొరపాదు తీయించినవారము మేమే. “ఇన్నేళ్ళూ ఎక్కింది, ఇప్పుడెక్కడికి పోతుంది బాబూ?” అని అడిగింది. మిగిలిన పెండె ముక్కలతో ఆచారిగారు పెరట్లో నాలుగు గుంజలు పాతి పందిరి వేసిపెట్టారు. గుంజల కోసిన కొసలకు తారు పూయడం ఆయన మరువలేదు.